చెక్కడం, పోయడం, కట్టడం: శిల్పి రామ్ సుతార్ గురించి

(ఒక లలిత కళల కళాశాలలో శిల్ప విభాగం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

బాబూ, ఆ తెర మీద ఉన్న ఫొటో కాసేపు తీసేస్తావా? గుజరాత్‌లోని ఆ సర్దార్ పటేల్ గారు అలా నిలబడి ఉన్నంతసేపూ వీళ్లెవరూ నా మాట వినరు. 182 మీటర్ల మనిషి పక్కన నేనెంత, నా మాటెంత. (నవ్వులు) ఆయన దగ్గరికి తర్వాత వద్దాం. ముందు ఆయన్ని చేసిన మనిషి సంగతి చూద్దాం.

నిన్న సాయంత్రం రైలు దిగి, బ్యాగు కూడా రూములో పెట్టకుండా హుస్సేన్ సాగర్ దగ్గరికి వెళ్లాను, అంబేడ్కర్ విగ్రహం చూడ్డానికి. ఇది నాలుగోసారి. బయట పల్లీల బండి ఉంది. పది రూపాయల పొట్లం కట్టించుకుంటూ అడిగాను, "అన్నా, ఈ విగ్రహం ఎవరు చేశారో తెలుసా?" అని. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "గవర్నమెంటోళ్లు కట్టిన్రు సార్" అన్నాడు.

ఆ మాట నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. ఎవరు చేశారో ఆయనకు తెలియకపోవడం గురించి కాదు, అది మనలోనూ చాలామందికి తెలియదు. 'కట్టిన్రు' అన్నాడు చూడండి, అందుకు. మన ఊళ్లో గుడిలో విగ్రహం గురించి 'చెక్కారు' అంటాం. పంచలోహ విగ్రహాన్ని 'పోశారు' అంటాం. కట్టడం అనేది ఇంటికి, వంతెనకి, ఆనకట్టకి వాడే మాట. 125 అడుగులు దాటేసరికి బొమ్మ కూడా కట్టేదే అయిపోయింది. పల్లీలమ్మే ఆయన ఏమీ ఆలోచించకుండా సరైన క్రియ వాడాడు. పొద్దున లేచాక అనిపించింది, రామ్ సుతార్ గారి జీవితమంతా ఈ మూడు మాటల్లోనే ఉంది కదా అని. చెక్కారు, పోశారు, చివరికి కట్టారు. నా నోట్సు పక్కన పెట్టేసి ఆ వరసలోనే మాట్లాడతాను. తడబడితే మన్నించండి.

రామ్ వన్‌జీ సుతార్. పుట్టింది 1925 ఫిబ్రవరి 19న, మహారాష్ట్రలో ధూళే జిల్లా గోందూర్ అనే పల్లెలో. మరాఠీలో సుతార్ అంటే వడ్రంగి. ఇంటిపేరే కులవృత్తి. తండ్రి వడ్రంగి పని చేసేవారు, డబ్బున్న ఇల్లు కాదు. వడ్రంగి ఇంట్లో పుట్టిన పిల్లవాడికి బడికి వెళ్లకముందే రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, కొలత తప్పితే చెక్క క్షమించదు. రెండు, పనిముట్టును తొక్కకూడదు. నవ్వకండి, రెండోదీ పెద్ద చదువే. మన కొత్తపేటలోనూ తెనాలిలోనూ విగ్రహాలు చేసే ఇళ్లలో పిల్లల్ని చూడండి, నడక వచ్చేసరికి ఉలిని దాటి పోకుండా చుట్టూ తిరిగి వెళ్తారు.

ఊళ్లో జోషీ అనే గురువు ఈ పిల్లవాడి చేతిని గమనించి ప్రోత్సహించారు, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపించారు. 1953లో అక్కడి నుంచి బయటికొచ్చేటప్పుడు మోడలింగ్‌లో మేయో గోల్డ్ మెడల్ వచ్చింది. మోడలింగ్ అంటే మట్టితో మలచడం. నేను మూడు క్రియలు చెప్పాను గానీ వాటన్నిటి అడుగునా ఉన్నది ఈ నాలుగోదే. మెడల్ దానికే వచ్చింది. ఇది కాస్త గుర్తుపెట్టుకోండి.

తర్వాత 1954 నుంచి 1958 వరకు పురావస్తు శాఖలో ఉద్యోగం. ఔరంగాబాద్ కేంద్రంగా అజంతా, ఎల్లోరాల్లో పాత శిల్పాల మరమ్మతు పని. గోల్డ్ మెడల్ తెచ్చుకున్న కుర్రాడికి ఇలాంటి ఉద్యోగం వస్తే ఈ రోజుల్లో ఇంట్లో వాళ్లే ఏడుస్తారు. ఎవరో వెయ్యేళ్ల క్రితం చెక్కిన బొమ్మకి విరిగిన వేలు అతకాలి. ఎక్కడ అతికామో తెలియకుండా అతకాలి. "ఇక్కడ నా చెయ్యి పడింది" అని కనిపించిందంటే పని చెడినట్టు.

నా ఉద్దేశం, ఆయన్ని తయారు చేసింది జె.జె. స్కూల్ కంటే ఆ నాలుగేళ్లే ఎక్కువ. తర్వాత అరవై ఏళ్లకు పైగా ఆయన చేసిన విగ్రహాల్లో 'ఇది సుతార్ శైలి' అని వేలు పెట్టి చూపించగలిగేది చాలా తక్కువ. గాంధీని చూస్తే గాంధీ కనిపిస్తాడు, అంబేడ్కర్‌ని చూస్తే అంబేడ్కర్. చేసినాయన పక్కకు తప్పుకుంటాడు. విమర్శకులు దీన్ని లోపం అన్నారు. ఆయన సమకాలికులు, ఉదాహరణకి మీరా ముఖర్జీ గారు, బస్తర్ పోత పనివాళ్ల పద్ధతి నేర్చుకుని కంచుతోనే పూర్తిగా తన సొంత భాష కట్టుకున్నారు. అక్కడ ఒక చిన్న ముక్క చూసినా ఎవరిదో చెప్పేయొచ్చు. సుతార్ గారి దారి అది కాదు. ఎల్లోరాలో నేర్చుకున్న వినయం అనండి, అలవాటు అనండి, అది వదల్లేదు. అది మంచిదా చెడ్డదా అని నన్ను అడిగితే రోజుకో రకంగా చెబుతాను. ఇవాళ మంచిదే అనిపిస్తోంది.

1958లో ఢిల్లీకి వచ్చి సమాచార ప్రసార శాఖలో చేరారు. ఏడాది తిరిగేసరికి మానేశారు. సర్కారు ఉద్యోగం మానేసి బొమ్మలు చేసుకుంటానంటే 1959లో ఇంట్లో ఏమన్నారో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు ఆ రెండో ఫొటో వెయ్యి బాబూ. చంబల్.

మధ్యప్రదేశ్‌లో చంబల్ నది మీద గాంధీసాగర్ ఆనకట్ట. అక్కడ నిలబడిన 45 అడుగుల చంబల్ మాత. నదిని తల్లిగా చేసి, ఆమె దగ్గర ఇద్దరు పిల్లల్ని నిలబెట్టారు. పిల్లలిద్దరూ రెండు రాష్ట్రాలు, ఒకరు మధ్యప్రదేశ్, ఒకరు రాజస్థాన్. ఒక తల్లి నీళ్లు ఇద్దరూ పంచుకోవాలి, అన్నదమ్ములు కొట్టుకోకూడదు. (నవ్వులు) కృష్ణా నీళ్ల గురించి మీరు ఇప్పుడు ఏమనుకుంటున్నారో నాకు తెలుసు, మనం ఆ గొడవలోకి వెళ్లొద్దు.

ఇది రాయి కాదు. కాంక్రీటు. పెద్ద దిమ్మెగా పోసిన కాంక్రీటును ఉలితో చెక్కి తీసిన బొమ్మ. ఇక్కడ రాతి పని చేసినవాళ్లెవరు? చెయ్యెత్తండి... ఐదుగురు. మీకు చెబితే అర్థమవుతుంది. నల్లరాయికి ఒక పొర ఉంటుంది, ఒక దారి ఉంటుంది. ఉలి ఆ దారి పట్టుకుంటే రాయే సాయం చేస్తుంది. కాంక్రీటుకి దారీ తెన్నూ లేదు. సిమెంటు మెత్తగా రాలిపోతుంటుంది, అంతలో లోపల కంకర రాయి తగులుతుంది, ఉలి ఎగిరి పక్కకు పోతుంది. ఆ కంకర రాయి ఊడిందంటే అక్కడ గుంట. ఆ గుంట తల్లి చెంప మీద పడితే? మళ్లీ పూడ్చి సరిచేయడమే. 45 అడుగులు, అంటే నాలుగంతస్తుల ఇల్లంత, ఇలా చెక్కుకుంటూ దిగాలి. వయసు ముప్పై అయిదు అటూ ఇటూ. ఎల్లోరాలో కైలాసాన్ని కూడా కొండ పైనుంచి కిందికే తొలుచుకుంటూ వచ్చారు కదా. అక్కడ నాలుగేళ్లు తిరిగిన మనిషికి ఒకే దిమ్మెలోంచి అంత పెద్ద బొమ్మ తీయాలన్న ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఇద్దరు పిల్లల్ని గమనించండి. పట్నా గాంధీ మైదానంలో ఆయన చేసిన గాంధీ విగ్రహం ఉంది. అక్కడా గాంధీ పక్కన ఇద్దరు పిల్లలు. యాభై ఏళ్ల తేడాతో అదే అమరిక, ఒక పెద్ద నిలువు ఆకారం, దాన్ని ఆనుకుని రెండు చిన్నవి. శైలి లేదు లేదు అన్నాను గదా, అదిగో, కాస్త వెతికితే దొరికింది.

చెక్కడం అయిపోయింది. ఇక పోయడం.

కంచు గురించి మన భాషలోనే ఒక గందరగోళం ఉంది. మనకు కంచు అనగానే మోగేది. కంచు మోగినట్టు కనకం మోగదు అంటాం. కంచు కంఠం అంటాం. గంట కంచులో తగరం దగ్గర దగ్గర ఐదో వంతు ఉంటుంది, మిగతాది రాగి. అందుకే అది ఖంగుమంటుంది, అందుకే కింద పడితే పగులుతుంది కూడా. విగ్రహాల కంచు అది కాదు. ఇప్పుడు పెద్ద విగ్రహాలకు వాడేది నూటికి 85 పాళ్లు రాగి, తగరం 5, జింక్ 5, సీసం 5. ఫౌండ్రీలో, అంటే లోహం పోత పోసే చోట, దాన్ని గన్‌మెటల్ అంటారు. దాన్ని వేలితో కొట్టండి, 'టక్' అంటుంది, అంతే. మోగదు. కానీ అచ్చు మూలల్లోకి నీళ్లలా పారుతుంది, రెప్పల సందులోకి కూడా వెళ్తుంది. విగ్రహానికి గొంతు అక్కర్లేదు గానీ రెప్పలు కావాలి.

పోత పద్ధతి మీలో మూడో సంవత్సరం వాళ్లకు తెలుసు. పెయింటింగ్ వాళ్ల కోసం చెబుతాను, రెండు నిమిషాలు ఓపిక పట్టండి. ముందు మట్టితో బొమ్మ. దాని మీద ప్లాస్టర్‌తోనో రబ్బరుతోనో అచ్చు. ఆ అచ్చు లోపల మైనం పూత, అరంగుళం కన్నా పల్చగా. దాని లోపల బోలుని వేరే మిశ్రమంతో నింపుతాం. బయట మళ్లీ గట్టి కవచం. లోహం దిగడానికి దారులు, గాలి పోవడానికి దారులు మైనపు పుల్లలతోనే పెడతాం. ఇదంతా బట్టీలో పెట్టి కాలిస్తే మైనం కారిపోతుంది. మైనం ఉన్న చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి పదకొండు వందల డిగ్రీలు దాటిన లోహం. చల్లారాక కవచం పగలగొట్టాలి. అందుకే ఒక్క పోతకి ఒక్క కవచం. చల్లారేటప్పుడు కంచు కాస్త కుంచించుకుపోతుంది, నూటికి ఒకటిన్నర, రెండు పాళ్లు. ఆరడుగుల మనిషి కావాలంటే మట్టిలో అంగుళం పైన ఎక్కువే చేసుకోవాలి. మన పెద్దలు దీన్ని మధూచ్ఛిష్ట విధానం అన్నారు, తేనెపట్టు మైనం పద్ధతి అని.

నా సంగతి ఒకటి చెబుతాను, అవమానమే గానీ మీకు పనికొస్తుంది. ముప్పై ఏళ్ల కిందట మాట. ఒక ఊళ్లో చనిపోయిన మాస్టారి బస్టు, అంటే తల, భుజాల వరకు ఉండే బొమ్మ, చేయమన్నారు. మట్టిలో బాగా వచ్చింది, వాళ్లావిడ చూసి కళ్లు తుడుచుకుంది. ఆవిష్కరణ తేదీ దగ్గరికొచ్చింది, కమిటీ వాళ్ల ఫోన్లు, టెన్షన్. వర్షాకాలం. కవచం పూర్తిగా ఆరిందా లేదా అని అనుమానం ఉంది. ఆ ఫౌండ్రీలో మేస్త్రీ "ఇంకో పూట కాల్చాలి సార్" అన్నాడు. నేనే తొందరపెట్టాను. లోహం పోయగానే లోపల తడి ఆవిరై ఒక్కసారి పైకి తన్నింది. దేవుడి దయ, ఎవరికీ ఏం కాలేదు. మర్నాడు కవచం పగలగొడితే మాస్టారికి ఎడమ చెవి లేదు, చెంప మీద జల్లెడలా కన్నాలు. మూడు నెలల పని. మళ్లీ మైనం నుంచి మొదలు. అప్పటి నుంచి కవచం ఆరలేదని మేస్త్రీ అంటే నేను కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ముఖ్యమంత్రి ఆవిష్కరణకి వస్తున్నా సరే.

ఇదెందుకు చెప్పానంటే, సుతార్ గారు ఈ పనిని తన చేతిలోంచి బయటికి పోనివ్వలేదు. నోయిడాలో స్టూడియో, పక్కనే ఘజియాబాద్ వైపు సాహిబాబాద్‌లో సొంత ఫౌండ్రీ. మట్టి దగ్గర్నుంచి పోత దాకా ఒకే కంటి కింద. మనలో చాలామంది మట్టి చేసి ఎవరికో అప్పజెప్పి, తిరిగొచ్చాక ముక్కు మారిపోయిందని ఏడుస్తాం.

ఆయన గాంధీలు. ఎన్ని చేశారో లెక్క చెప్పను, పేపర్లలో ఒక్కోచోట ఒక్కో అంకె కనిపిస్తుంది. గాంధీ శత జయంతి సమయంలో ఆయన చేసిన బస్టు నకళ్లను భారత ప్రభుత్వం చాలా దేశాలకు ఇచ్చింది. రష్యా, ఇంగ్లండ్, ఫ్రాన్స్, ఇటలీ, అర్జెంటీనా, చివరికి బార్బడోస్ కూడా. విదేశాల్లో ఉంటున్న మన తెలుగువాళ్లు ఏ పార్కులోనో గాంధీ బస్టు ముందు ఫొటో దిగి వాట్సాప్‌లో పెడుతుంటారు కదా, వాటిలో కొన్నయినా ఆయన చేతి గాంధీలే అయ్యుంటాయి. కంచుకి ఈ సుగుణం ఉంది, అచ్చు ఉంటే ఇంకోటి పోయొచ్చు. రాతికి ఆ వీలు లేదు.

అన్నిట్లో నాకు నచ్చింది పార్లమెంటు గాంధీ. 16 అడుగుల కంచు, ధ్యానంలో కూర్చున్న గాంధీ. 1993 అక్టోబర్ 2న అప్పటి రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ ఆవిష్కరించారు. సుతార్ గారికి అప్పుడు 68. అప్పట్లో మన దగ్గర అయితే రిటైరై పదేళ్లు. టీవీలో మీరందరూ చూసే ఉంటారు. ఏ పార్టీ ఎంపీలకు కోపం వచ్చినా ప్లకార్డులు పట్టుకుని వచ్చి నిలబడింది ఆ విగ్రహం ముందే. కొత్త పార్లమెంటు వచ్చాక 2024లో దాన్ని అదే ఆవరణలో వేరే చోటికి మార్చారు, దాని మీద కూడా గొడవ జరిగింది.

ఈ గాంధీ ఎందుకు బాగుందో చెప్పడం కష్టం. ప్రయత్నిస్తాను. ఢిల్లీలోనే ఇంకో గొప్ప కంచు గాంధీ ఉంది, పదకొండు మంది దండి యాత్ర. దేవీప్రసాద్ రాయ్ చౌధురి గారిది. మద్రాసు ఆర్ట్ స్కూలుకి ప్రిన్సిపాల్‌గా చేసినాయన, మన తెలుగు చిత్రకారులు, శిల్పులు ఎంతోమందికి గురువు. అందులో గాంధీ ముందుకు వంగి నడుస్తుంటాడు, వెనక పదిమంది ఆయన వెంట వస్తుంటారు. కండరం, గాలి, కదలిక. అది చూస్తే మీ కాళ్లు కదులుతాయి. సుతార్ గాంధీలో ఏదీ కదలదు. కూర్చున్నాడు, అంతే. కూర్చున్న మనిషిని కంచులో చేయడం చాలా ప్రమాదం, బస్తాలా వస్తుంది. ఇక్కడ బస్తా కాలేదు. ఎందుకంటే వెన్ను నిటారుగా ఉంది, భుజాలు మాత్రం వదిలేసి ఉన్నాయి. మీరు ఇప్పుడు ఇలా కూర్చుని చూడండి, వెన్ను నిలబెట్టి భుజాలు వదిలేయండి... కష్టంగా ఉంది కదా? రోజూ చరఖా ముందు కూర్చునే మనిషికి అలా వస్తుంది. దాన్ని ఆయన పట్టుకున్నారు.

కళ్ల సంగతి కూడా చెప్పాలి. రంగు లేని లోహంలో చూపు ఎక్కడి నుంచి వస్తుంది? కనుపాప ఉన్నచోట గుంట తవ్వుతాం. గుంటలో నీడ పడుతుంది, అదే నల్లగుడ్డు. ఆ గుంట పై అంచున మిరియం గింజంత ముక్క తవ్వకుండా వదిలేస్తాం, దాని మీద వెలుతురు పడి కంట్లో మెరుపులా కనిపిస్తుంది. ఆ గింజ ఒక్క నూలు పక్కకి జరిగితే మనిషికి మెల్లకన్ను. ఇక అంబేడ్కర్‌కి కళ్లజోడు. లోహంలో అద్దం చేయలేం, ఫ్రేమే చేస్తాం. ఎండ పైనుంచి పడితే ఆ ఫ్రేము నీడ సరిగ్గా కంటి మీదే పడుతుంది. మన ఊళ్లలో సగం అంబేడ్కర్ విగ్రహాలు నిద్రపోతున్నట్టో కోపంగా ఉన్నట్టో కనిపించేది అందుకే. చేసినవాళ్ల తప్పనలేం. మధ్యాహ్నం పన్నెండుకి చూసుకోకపోవడం మాత్రం తప్పే.

ఇక మూడో మాట. ఇప్పుడు వెయ్యి బాబూ ఆ మొదటి ఫొటో.

2018 అక్టోబర్ 31న ఆవిష్కరించిన సర్దార్ పటేల్ విగ్రహం, స్టాచ్యూ ఆఫ్ యూనిటీ. నర్మద మీద, సర్దార్ సరోవర్ ఆనకట్టకు ఎదురుగా. 182 మీటర్లు, గుజరాత్ శాసనసభలో సీట్లెన్నో అన్ని. సుతార్ గారికి అప్పటికి 93 నిండాయి. కొడుకు అనిల్ గారు ఆర్కిటెక్టు, తండ్రి పక్కన నిలబడి ఈ పెద్ద పనులన్నీ నడిపించింది ఆయనే. వడ్రంగి ఇంట్లో నాన్న, శిల్పి కొడుకు, ఆర్కిటెక్టు మనవడు.

దీన్ని కట్టారు. లోపల రెండు కాంక్రీటు స్తంభాలు, గుండ్రటివి. కాళ్లలోంచి పైకి వెళ్తాయి. వాటిల్లో లిఫ్టులు. వాటి చుట్టూ ఉక్కు చట్రం. చట్రానికి బయట కంచు పలకలు, వేలకొద్దీ. 153 మీటర్ల ఎత్తున, గుండెల దగ్గర, జనం నిలబడి చూసే గది. గాలికి ఊగకుండా లోపల 250 టన్నుల బరువులు రెండు వేలాడదీశారు, విగ్రహం ఒకవైపు ఊగితే అవి రెండోవైపు లాగుతాయి. పటేల్ నడుస్తున్నట్టు ఉండాలని అడుగులు విడిగా పెట్టారు, రెండు పాదాల మధ్య 21 అడుగుల ఖాళీ. పంచె కట్టిన మనిషిని చేస్తే పంచె కుచ్చిళ్లు నేలదాకా దించేసి కింద బరువు పెంచుకోవచ్చు, అది తేలికైన దారి. ఇక్కడ కింద సన్నం, పైన భుజాల దగ్గర వెడల్పు. ఇంజనీర్లకు ఎంత తలనొప్పో! ఆ ఖాళీ ఇంజనీర్లది కాదు, శిల్పిది. అందుకే నేను ఆ విగ్రహం దగ్గరికి వెళ్లినప్పుడు ముఖం కన్నా పాదాల దగ్గరే ఎక్కువసేపు ఉన్నాను.

పలకలు చైనాలో పోయించారు. అంత పనిని అంత తక్కువ కాలంలో పోసే ఫౌండ్రీ అప్పటికి మన దేశంలో లేదన్నారు. అప్పట్లో టీవీల్లో దాని మీద చాలా గోల అయ్యింది. నాకు ఆ గోల మీద పెద్ద ఆసక్తి లేదు. నాకు ఆసక్తి ఇంకోటి. ఆ పలకలన్నీ ఎక్కడి నుంచి పుట్టాయి? ముందు మూడడుగుల బొమ్మ చేశారు. దాని నుంచి 18 అడుగులది. దాని నుంచి 30 అడుగులది. దాన్ని కంప్యూటర్‌తో స్కాన్ చేసి పెంచుకుంటూ పోయారు. మూడడుగుల బొమ్మ మీద పెదవి చివర వేలిముద్రంత తేడా వస్తే, 182 మీటర్ల దగ్గర అది ఎంతవుతుంది? లెక్క వేయండి, దాదాపు రెండు వందల రెట్లు. అరంగుళం తప్పు ఎనిమిది అడుగుల తప్పు అవుతుంది. మూడో అంతస్తు కిటికీలోంచి పక్కింటాయన పెదవి చూసి "ఏంటండీ, ఎందుకు వెక్కిరిస్తున్నారు" అని అడుగుతాడు. (నవ్వులు) 1953లో మెడల్ దేనికి వచ్చిందో చెప్పాను కదా.

సుతార్ వాళ్లే చేసిన మన హైదరాబాద్ అంబేడ్కర్ విగ్రహం లెక్క చూడండి. 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించారు. విగ్రహం 125 అడుగులు, కింద పార్లమెంటు ఆకారంలో 50 అడుగుల దిమ్మె. బరువు 474 టన్నులు. అందులో స్టీలు 360, కంచు 114. అంటే నాలుగింట మూడు వంతులకు పైగా స్టీలు. ఈ సైజులో 'కంచు విగ్రహం' అనే మాటకి అర్థం మారిపోయింది. స్టీలు మనిషికి కంచు చొక్కా. బెంగళూరు ఎయిర్‌పోర్టు దగ్గర 108 అడుగుల కెంపెగౌడ, 2022లో పెట్టింది, అదీ వీళ్లదే, అదీ అంతే. నేను తప్పు పట్టడం లేదు. 125 అడుగుల ఎత్తున చెయ్యి చాచి వేలు చూపించాలంటే వేరే దారి లేదు. రాతిలో అయితే ఆ చెయ్యి చెక్కిన రోజే విరిగి పడేది. కానీ ముట్టుకుంటే వేలిముద్రలు తగిలే కంచు వేరు, ముట్టుకోలేనంత ఎత్తున బోల్టులతో బిగించిన కంచు వేరు. రెండింటినీ ఒకే మాటతో పిలుస్తుంటే నాకు మనసు ఒప్పదు.

ఆ బోల్టుల సంగతీ తేలిక కాదు. 2024 ఆగస్టులో మహారాష్ట్ర తీరాన మాల్వణ్ కోట దగ్గర 35 అడుగుల శివాజీ విగ్రహం కూలిపోయింది. పెట్టి తొమ్మిది నెలలు కూడా కాలేదు. అది వీళ్లు చేసింది కాదు. సముద్రపు గాలికి లోపలి బోల్టులు తుప్పు పట్టాయన్నారు. దాని స్థానంలో కొత్త శివాజీని, 60 అడుగుల కంచు విగ్రహాన్ని, సుతార్ వాళ్లకే అప్పగించారు. 2025 మేలో నిలబెట్టారు. అదే ఏడాది నవంబర్‌లో గోవాలో ఒక మఠం దగ్గర 77 అడుగుల రాముడు. డిసెంబర్‌లో, నూరేళ్లు నిండి పది నెలలయ్యాక, నోయిడాలో ఆయన పోయారు.

పద్మశ్రీ 1999, పద్మభూషణ్ 2016, ఆ తర్వాత టాగోర్ పేరున ఇచ్చే పెద్ద అవార్డు, చివర్లో మహారాష్ట్ర భూషణ్. అవార్డులు వరసగా చదివితే మీకు నిద్రొస్తుంది, ఇక్కడ ఆపేస్తాను. ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒక విద్యార్థిని: సార్, తొంభై ఏళ్లు దాటాక అంత పెద్ద విగ్రహాల్లో ఆయన చెయ్యి ఎంత ఉంటుంది? అంతా వర్క్‌షాపు వాళ్లే కదా?)

మంచి ప్రశ్నమ్మా. పెద్ద వంటశాలలో వంటమేస్త్రీ ప్రతి గరిటా తిప్పడు. ఉప్పు చూస్తాడు. పెద్దాయన తన కళ్లతో ఒప్పుకున్నాకే బొమ్మ తర్వాతి సైజుకి వెళ్లేదని నేను అనుకుంటాను. కానీ నీ ప్రశ్నలో ఇంకో సగం ఉంది, అది అన్యాయం గురించి. గ్రైండింగ్ చేసినవాడి పేరు, వెల్డింగ్ చేసినవాడి పేరు ఎక్కడా ఉండదు. ఎల్లోరాలోనూ లేదు. అక్కడ లేదు కాబట్టి ఇక్కడా అక్కర్లేదని నేను అనను. నువ్వు వర్క్‌షాపు పెట్టినప్పుడు దిమ్మె వెనక ఒక పలక వేసి రాయించు.

(ఇంకో విద్యార్థి: ఇప్పుడు స్కానింగ్, త్రీడీ ప్రింటింగ్ వచ్చాయి కదా సార్, మట్టి నేర్చుకోవడం ఇంకా అవసరమా?)

నీ దగ్గర ప్రింటర్ ఉందా తమ్ముడూ? లేదా? మట్టి ఉంది కదా, బయట షెడ్డులో. (నవ్వులు) సరదాకి అన్నాను. ప్రింటర్ పెంచుతుంది, పెంచడానికి నువ్వు దానికి ఏదో ఒకటి ఇవ్వాలి. ఫొటోల నుంచి కంప్యూటర్ తయారుచేసిన తలలు నేను చూశాను. కొలతలన్నీ సరిగ్గా ఉంటాయి, మనిషి ఉండడు. ఎందుకుండడో నాకు తెలిస్తే చెప్పేవాణ్ని.

సరే, ఒక పని చెబుతాను, రేపు ఆదివారం కదా. అందరూ స్కెచ్ పుస్తకం పట్టుకుని హుస్సేన్ సాగర్ దగ్గరికి వెళ్లండి. పొద్దున తొమ్మిదికి దిమ్మె పక్కన నిలబడి అంబేడ్కర్ గడ్డం, ముక్కు గీయండి. తర్వాత నెక్లెస్ రోడ్డు మీదికి, బొమ్మ మొత్తం కనిపించేంత దూరం నడిచి, అదే ముక్కు మళ్లీ గీయండి. పన్నెండింటికి మళ్లీ దిమ్మె దగ్గరికొచ్చి కళ్లజోడు నీడ ఎక్కడ పడుతోందో చూసుకోండి. సోమవారం మూడు బొమ్మలూ పక్కపక్కన పెట్టి మాట్లాడుకుందాం. ఎండగా ఉంటుంది, టోపీ పెట్టుకోండి. పల్లీల బండి ఆయన అక్కడే ఉంటాడు, ఎవరు చేశారో ఆయనకు చెప్పి రండి.